కోటు లేకుండా మంచులోకి

టోక్యో నగరంలో పడమటి వైపున్న సుగినామి. 1970ల మొదటి రోజులు. మంచు ఇప్పుడే మొదలైంది. ఒంటిమీద పడీ పడగానే కరిగిపోయే పొడి మంచు. మన ముందు నడుస్తున్నావిడ పేరు అకికో. లాయర్ల ఆఫీసులో టైపిస్టు. సరుకులన్నీ ఒకేసారి కొనుక్కుని ఇంటికి వెళ్తోంది, సంచుల బరువుకి రెండు చేతులూ లాగేస్తున్నాయి. ఇంట్లో భర్త నొబుతోషి, హైస్కూలు చదువుతున్న కొడుకు సతోషి. అదే ఆవరణలో వేరుగా ఉన్న చిన్న ఇంట్లో అత్తమామలు.

ఎదురుగా ఒక ముసలాయన వస్తున్నాడు. మనిషి పొడగరి. ఒంటిమీద కోటు లేదు, చేతిలో గొడుగు లేదు. చలికి అందరూ ముడుచుకుని నడిచే వేళ ఆయన మాత్రం ఏదో కొంప మునిగినట్టు, ఎనభై దాటిన కాళ్లు నడవకూడనంత వేగంగా వస్తున్నాడు. దగ్గరికొచ్చాక అకికో గుర్తుపట్టింది. మామగారు, షిగెజో. ఎక్కడికి బయలుదేరారని అడిగింది. ఆయన ఆగి, ఆమె వంక వింతగా చూశాడు. సమాధానం సరిగ్గా రాలేదు. ఆమె ఇంటిదారి పడితే తనూ వెనక్కి తిరిగి పక్కనే నడిచాడు.

వంటింట్లోకి వెళ్దాం. అకికో సరుకులు సర్దుతూ పొయ్యి వెలిగించింది. కాసేపటికి మామగారు మళ్లీ వచ్చారు. ఆకలేస్తోందట. జీవితమంతా కడుపు బాగాలేదంటూ, అది పడదు ఇది పడదంటూ ముద్ద ముద్దకీ వంక పెట్టిన మనిషి, ఉడికిన కూరగాయలు చేత్తోనే తీసుకుని తినేస్తున్నాడు. అత్తయ్య ఏమీ పెట్టలేదా అని ఆమె అడిగింది. నిద్రపోతోంది, ఎంత లేపినా లేవడం లేదన్నాడు. ఆ మాట అనడంలో కంగారు లేదు, దిగులు లేదు. ఫిర్యాదు మాత్రమే ఉంది.

అకికో చేతిలో పని వదిలేసి అటు పరిగెత్తింది. గుమ్మం దగ్గరే అత్తగారు పడి ఉంది. బ్యూటీ పార్లరుకు వెళ్లి జుట్టు చక్కగా సెట్ చేయించుకుని వచ్చి, ఇంట్లో అడుగు పెడుతూనే కూలిపోయింది. చేయించుకున్న తల చెదరలేదు. ప్రాణం పోయి ఎంతసేపయిందో.

ఇప్పుడు మళ్లీ ఆ వీధిని తలచుకోండి. ఆ ముసలాయన ఎక్కడికి వెళ్తున్నట్టు? భార్య పడిపోవడం చూసి ఎవరికైనా చెబుదామని బయలుదేరి, నాలుగడుగులు వేసేసరికి చెప్పాల్సిన సంగతి మరిచిపోయి, కాళ్లలో ఆ తొందర ఒక్కటే మిగిలిందా? లేక ఆకలేసి వెళ్లాడా? నాకు మొదటిదే నిజమనిపిస్తుంది. ఏదో జరగరానిది జరిగిందని ఆయన ఒంటికి తెలుసు, ఏం జరిగిందో మనసులో నిలవలేదు.

ఇలా మొదలవుతుంది సవాకో అరియోషి నవల ‘కోకొత్సు నో హితో’. 1972లో జపాన్‌లో వచ్చింది. ఆ ఏడాది అక్కడ అంతగా అమ్ముడైన పుస్తకం మరొకటి లేదు. లక్షలు దాటి పది లక్షల పైకి వెళ్లింది. ‘ద ట్వైలైట్ ఇయర్స్’ పేరుతో మిల్డ్రెడ్ తహారా చేసిన ఇంగ్లిషు అనువాదం 1984లో వచ్చింది. రచయిత్రి పోయిందీ ఆ సంవత్సరమే, 53 ఏళ్లకి. ముసలితనం గురించి తన దేశమంతా మాట్లాడుకునేలా చేసిన మనిషికి ముసలితనం చూసే రాత లేకపోయింది.

ఇంట్లోకి రండి. రాత్రయింది. దీపాలన్నీ వెలిగాయి. జపాన్ ఆచారం ప్రకారం పోయినవాళ్ల తల ఉత్తరం వైపు పెట్టి, ముఖం మీద తెల్లగుడ్డ కప్పి, అగరొత్తులు కొండెక్కకుండా చూస్తూ తెల్లవార్లూ కూర్చుంటారు. ఇరుగుపొరుగు వచ్చి సాయం పట్టారు. కూతురు క్యోకో దిగింది, అమ్మను చూసి భోరుమంది. తండ్రి ఆ ఏడుపు వంక చూస్తున్నాడు. ఎవరీవిడ అని ఆయనకు సందేహం. సొంత కొడుకు నొబుతోషి గదిలోకి వస్తే, ఇంట్లో దొంగ పడ్డాడని భయపడిపోతున్నాడు. కోడలు అకికో తెలుసు. మనవడు సతోషి తెలుసు. మిగతా మనుషులంతా చెరిగిపోయారు.

మన ఊళ్లలో చావింటికి వెళ్లినప్పుడు ఎవరి దగ్గరికి ముందు వెళ్తాం? భార్య పోతే భర్త దగ్గరికి. చేయి పట్టుకుంటాం, పక్కన కూర్చుంటాం, ఆయన నాలుగు మాటలు చెప్పుకుని ఏడిస్తే అందరి ఏడుపూ ఒక దారిన పడుతుంది. ఇక్కడ ఆ చోటు ఖాళీగా ఉంది. మనిషి కూర్చునే ఉన్నాడు, కానీ ఆయన దుఃఖం ఆయన దగ్గర లేదు. అన్నం ఎప్పుడు పెడతారని అడుగుతున్నాడు. కొడుకూ కూతుళ్లకు తల్లి పోయిన బాధ ఒకపక్క, బతికున్న తండ్రి తమను ఎరగడన్న దెబ్బ ఇంకోపక్క. రెంటిలో దేనికి ముందు ఏడవాలో తెలియక రెండూ గొంతులో ఆగిపోయాయి. అకికోకైతే ఏడ్చే తీరికే లేదు. వచ్చినవాళ్లకు టీ ఇవ్వాలి, సతోషి బట్టలు చూడాలి, మామగారికి మళ్లీ ఆకలేస్తోంది.

కొడుకును మరిచిన మనిషికి కోడలు ఎలా గుర్తుంది? మతిమరుపు జబ్బున్న ఇళ్లలో తరచూ కనిపించేదే ఇది. కొత్త జ్ఞాపకాలు ముందు రాలిపోతాయి, పాతవి చాలా కాలం నిలుస్తాయి. తండ్రి మనసు వెనక్కి వెళ్లిపోయి, అక్కడ తన కొడుకును లాగూ వేసుకున్న పిల్లాడిగానే వెతుక్కుంటుంది. తల నెరుస్తున్న ఈ పెద్దమనిషి ఎవరో దానికి పొసగదు. అకికో సంగతి వేరు. అన్నం పెట్టే చేయి ఆమెది. రోజుకు ఎన్నిసార్లో ఆ చేతితో పనిపడుతుంది. పేరు తెలిసి గుర్తుపెట్టుకున్నాడో, ఆకలి వల్ల గుర్తుపెట్టుకున్నాడో చెప్పడం కష్టం.

ఇక్కడ అరియోషి పెట్టిన మెలిక గమనించాలి. ఈ మామగారు ఒకప్పుడు కోడలిని ప్రేమగా చూసుకున్నవాడు కాడు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి దెప్పులే. ఆమె వంట నచ్చదు, ఆమె ఉద్యోగం నచ్చదు. ఆ సణుగుడంతా భరించి, మధ్యలో నిలబడి సర్దింది అత్తగారు. ఇప్పుడు ఆవిడ లేదు. అవన్నీ అన్న మనిషికి అన్నట్టే గుర్తు లేదు. అకికోకు మాత్రం ప్రతి మాటా గుర్తుంది. మామగారు బిడ్డలా ఆమె వెంటే తిరుగుతుంటే, ఆమె ఎవరి మీద కోప్పడాలి? క్షమించమని అడిగే మనిషే లేనప్పుడు ఎవరిని క్షమించాలి? పుస్తకంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపేసిన చోటు ఇదే. మతిమరుపు జబ్బు గురించి రాసేవాళ్లు చాలామంది, పోగొట్టుకున్న మంచి జ్ఞాపకాల గురించి రాస్తారు. చెడ్డ జ్ఞాపకాలు కూడా ఒక్కవైపే మిగిలిపోతాయన్న సంగతి ఈవిడ రాసింది.

అర్ధరాత్రి. కింద గదిలో అకికో మామగారి పక్కనే పడక వేసుకుంది. కునుకు పట్టిందో లేదో ఆయన లేపుతున్నాడు. లోపలికి ఎవరో వచ్చారట. ఎవరూ లేరని చెప్పి పడుకోబెట్టింది. మళ్లీ లేపాడు. ఈసారి ఒంటేలు. ఆమె ఆయన్ని తోటలోకి తీసుకెళ్తోంది. మనమూ గుమ్మం దాకా వచ్చాం. చలి ఎముకల్లోకి దిగుతోంది. ముసలాయన చీకట్లో నిలబడి ఉన్నాడు, కోడలు ఒక చేత్తో ఆయన్ని పట్టుకుని మొహం పక్కకు తిప్పుకుంది. పైగదిలో భర్త నిద్రపోతున్నాడు. రేపు ఆయనకు ఆఫీసుంది. రేపు ఆమెకూ ఆఫీసుంది.

నొబుతోషి చెడ్డవాడు కాడు. కష్టపడతాడు, కేకలు వేయడు. తండ్రిని చూసినప్పుడల్లా తన ముసలితనం కనిపించి భయపడతాడు, ఆ భయంతోనే పక్కకు తప్పుకుంటాడు. అలాంటి మంచివాళ్లను మనం చాలామందిని ఎరుగుదుం. డబ్బు పంపుతారు, డాక్టరుతో మాట్లాడతారు, పక్క మార్చేది మాత్రం భార్య. కొడుకు సతోషి ఇంకా కుర్రాడు. మనసులో అనిపించింది అనేస్తాడు. తాతను చూసి, మీరిద్దరూ ఇంతకాలం బతక్కండి అన్న అర్థం వచ్చేలా తల్లిదండ్రులతో ఒక మాట అంటాడు. పుస్తకం చదివినవాళ్లు దశాబ్దాలు గడిచినా మరిచిపోని మాట అది.

పగటి వేళ ఒకరోజు. ప్రభుత్వం తరఫున వృద్ధుల సంక్షేమం చూసే ఉద్యోగిని ఇంటికి వచ్చింది. అకికో ఆశగా కూర్చుంది. జపాన్‌లో 1963లోనే వృద్ధుల సంక్షేమ చట్టం వచ్చింది, మంచాన పడ్డవాళ్ల కోసం ప్రత్యేక గృహాలు కట్టాలని అందులో ఉంది. చట్టం ఉన్నంతగా మంచాలు లేవు. అందులోనూ షిగెజో మంచాన పడ్డవాడు కాడు, కాళ్లు బాగా ఆడుతున్నాయి, అసలు ఇబ్బందంతా ఆ కాళ్లతోనే. ఇలాంటివాళ్లను వృద్ధాశ్రమాలు తీసుకోవని, తప్పనిసరైతే మానసిక వైద్యశాలే దిక్కని, అన్నిటికంటే ఇంట్లో చూసుకోవడమే మేలని ఆ ఉద్యోగిని చెప్పింది. చెప్పింది దురుసుగా కాదు. ఉన్న సంగతి చెప్పింది. ఇంట్లో అంటే ఎవరు అన్నది ఇద్దరు ఆడవాళ్లలో ఎవరూ పైకి అనలేదు.

ఆ గదిలో కూర్చున్నవాళ్లకు తెలియని లెక్క ఒకటుంది. 1970 నాటికి జపాన్‌లో 65 దాటినవాళ్లు నూటికి 7 మంది. ఇప్పుడు నూటికి 29. అరియోషి 1972లో ఒక ఇంటి కథ రాస్తున్నాననుకునే రాసి ఉండవచ్చు, దేశం మొత్తానికి ముందున్న రోజులవి.

వానాకాలం వచ్చింది. జపాన్‌లో జూన్ అంతా ముసురే. అకికో మామగారిని వెంటబెట్టుకుని నడుస్తోంది. ఆఫీసు పని, ఇంటి పని, నిద్రలేని రాత్రులు అన్నీ నెత్తిన ఉన్నాయి. నడిచీ నడిచీ పక్కకు చూస్తే ఆయన లేడు. వెనక్కి తిరిగింది. వానలో ఒకచోట నిలబడిపోయి ఉన్నాడు. ఒక చెట్టు మీద తెల్లటి మాగ్నోలియా పువ్వు పూసింది, అరచేయంత పువ్వు, ఆయన దానివైపే చూస్తున్నాడు. తడుస్తున్న సంగతి తెలియదు. విసుక్కోబోయిన అకికో ఆగిపోయింది. ఈ మనిషిలో అందం తెలిసే చోటు ఇంకా ఉంది. తనలో అది ఉందో లేదో చూసుకునే తీరిక ఆమెకు దొరికి ఎన్నాళ్లయిందో. తర్వాత ఏం జరిగినా, ఆయన కేవలం తిని విసర్జించే శరీరమని ఇక ఆమె అనుకోలేకపోయింది.

జరగాల్సింది ఇంకా ఉంది. స్నానాల గదికి రండి. జపాన్ ఇళ్లలో తొట్టె లోతుగా ఉంటుంది, మెడ దాకా వేడినీళ్లలో కూర్చుంటారు. అకికో ఆయన్ని దింపింది. ఒక్క క్షణం చూపు మరల్చింది. తిరిగి చూసేసరికి ముసలాయన తల నీళ్లలో ఉంది. ఎలా లాగిందో, బరువైన ఆ తడి ఒంటిని ఎలా బయటికి తెచ్చిందో ఆమెకే తెలియదు. డాక్టరు వచ్చాడు. తర్వాత న్యుమోనియా పట్టింది. ఆ వయసులో ఆ జబ్బంటే ఇక ఆశ లేనట్టేనని ఇంటిల్లిపాదీ సిద్ధపడ్డారు.

మంచం పక్కన కూర్చున్న అకికో మొహం చూడండి. ఎన్నిసార్లు అనుకుంది, ఈ మనిషి పోతే బాగుండునని. ఆ కోరిక ఇప్పుడు తీరబోతోంది, అదీ తన చేతుల్లోంచి జారి. చూపు మరల్చిన ఆ క్షణం నిజంగా పరాకేనా అని ఆమె తనను తాను అడుగుతోంది. ఆమెను విచారించడానికి పోలీసులు రాలేదు, భర్త ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ బరువుగా ఉంది.

షిగెజో బతికాడు. జ్వరం తగ్గి కళ్లు తెరిచాడు. అప్పుడు అకికో ఒక నిర్ణయానికి వచ్చింది. ఇంతవరకు విధి లేక చూసింది. ఇకమీదట బతికించగలిగినన్నాళ్లు తనే బతికిస్తుంది. దీన్ని త్యాగం అనేయడం సులువు, చాలామంది అలాగే చదివారు, మహాతల్లి అన్నారు. నేను ఒప్పుకోను. ఆమెను ఒంటరిగా వదిలేసిన వ్యవస్థకు ఆ పొగడ్త చక్కగా సరిపోతుంది. నాకు కనిపించేది వేరు. చావు కోరుకున్నానన్న నిజాన్ని ఆమె దాచుకోలేదు, కనీసం తన దగ్గర దాచుకోలేదు. ఆ నిజం ఒప్పుకున్నాక చేసిన సేవలో కపటం లేదు. మామగారి చావు కోరుకోని కోడలిగా అరియోషి ఆమెను దిద్ది ఉంటే, ఈ పుస్తకం దేవుడి పటమయ్యేది.

కాస్త ఊపిరి కూడా దొరికింది. అత్తగారు ఉన్న చిన్న ఇంట్లోకి ఒక కాలేజీ జంట అద్దెకు దిగారు. ఎమి అనే ఆ అమ్మాయికి ముసలాయన దగ్గర బెరుకు లేదు, అసహ్యం లేదు. గుడ్డలు మారుస్తుంది, ఆయనతో కబుర్లాడుతుంది. ఆయన పాత మాటలేవీ ఆమె పడలేదు కదా. చరిత్ర లేని చేతులు తేలిగ్గా ఉంటాయి. అకికో ఆ పిల్లను చూసి నేర్చుకుంది. అప్పటికి షిగెజో మాటలు చాలావరకు పోయాయి. ఒకసారి చాపల నేలంతా మలంతో పులిమేశాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని తుడిచింది. ఇంకోపక్క ఆయన ముఖంలోకి, బతుకులో ఎన్నడూ లేని ఒక నవ్వు వచ్చింది. పంజరంలో పిట్టను చూసి నవ్వుతాడు. అకికోను చూసి నవ్వుతాడు. ఆమె తెలియకుండానే ఆ నవ్వు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది.

మళ్లీ ఒకరోజు ఆయన ఇంట్లోంచి వెళ్లిపోయాడు. వెతికారు. దొరికాడు, ఇంటికి చేరాడు. ఆ తర్వాత ఎంతో కాలం లేడు. నవల ఇక్కడ తొందరపడుతుంది, మనమూ ఆగనక్కర్లేదు. నిజంగా అలాంటి ఇళ్లలో చావు చాలావరకు ఇలాగే జరుగుతుంది, ఇన్నేళ్ల కష్టానికి తగిన గొప్ప ఘట్టం ఏదీ లేకుండా.

అన్నీ అయ్యాక సతోషి తల్లితో ఒక మాట అన్నాడు. తాత ఇంకొన్నాళ్లు ఉన్నా బాగుండేదన్న మాట. ఇంతకాలం బతక్కండని అన్న నోరే. ఆ పిల్లవాడు మారాడని చెప్పడానికి రచయిత్రి ఒక్క వాక్యం వాడలేదు, వాడి చేత ఆ మాట అనిపించి ఊరుకుంది. అకికో మామగారి గదిలోకి వెళ్లి, పిట్ట పంజరం చేతుల్లోకి తీసుకుని అప్పుడు ఏడ్చింది. అత్తగారు పోయినరోజు రావాల్సిన ఏడుపు కూడా అందులో కలిసే ఉంటుందని నేననుకుంటాను. జ్ఞాపకం పోయిన మనిషి ఉన్న ఇంట్లో దుఃఖం దాని వేళకి రాదు. పనులు దాన్ని వెనక్కి నెడుతూ ఉంటాయి, ఆఖరికి ఎవరి చేతులు తడిగా ఉన్నాయో వాళ్ల దగ్గరికి వస్తుంది.

మరుసటి ఏడాది, 1973లో, షిరో తొయోదా ఈ నవలను బ్లాక్ అండ్ వైట్ సినిమాగా తీశాడు. హిదెకో తకమినె అకికోగా వేసింది. షిగెజోగా వేసిన హిసాయా మొరిషిగెకు అప్పటికి అరవై కూడా నిండలేదు. అదే 1973 జనవరి నుంచి జపాన్‌లో 70 దాటినవాళ్లకు ఉచిత వైద్యం మొదలైంది. వైద్యం ఉచితమైనా పక్క మార్చే మనిషి దొరకలేదు. నలభై దాటిన ప్రతివాళ్లూ చందా కట్టే దీర్ఘకాల సంరక్షణ బీమా వచ్చి, ఇంటికి సహాయకులు రావడం, పగలంతా పెద్దవాళ్లను చూసుకునే కేంద్రాలు పెరగడం 2000 తర్వాతి మాట. అకికో అయితే అప్పటికి తనే ముసలిదై ఉండేది.

ఈ రెంటికీ మధ్య ఇంకొకటి జరిగింది. 1980లో క్యోటోలో, మతి తప్పిన పెద్దవాళ్లను చూసుకుంటున్న కుటుంబాలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. వాళ్లు మొదట చేసిన పని ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం. పైసా ఖర్చు లేని పనే అయినా, అకికోకు పుస్తకం మొత్తంలో దొరకనిది అదే. ఆమె తన మనసులోది చెప్పుకోవడానికి అదే బతుకు బతుకుతున్న మరో మనిషి లేదు.

మన దేశంలో అరవై దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా. తెలుగు ఇళ్లలో చాలాచోట్ల దాన్ని ఇంకా చాదస్తం అంటారు, వయసు అంటారు. చూసుకునేది కోడలైతే ఆమె ఉద్యోగం మానేస్తుంది. కూతురైతే పుట్టింటికీ అత్తింటికీ మధ్య తిరుగుతుంది. పిల్లలు అమెరికాలో ఉంటే జీతానికి పెట్టుకున్న మనిషి. భారతదేశంలోనూ 1992లో ఇలాంటి కుటుంబాల కోసం కేరళలో ఏఆర్‌డీఎస్‌ఐ అనే సంస్థ మొదలైంది, హైదరాబాదులో దానికి శాఖ ఉంది. అలాంటి చోటికి వెళ్లిన ఒక కోడలు, మామగారు పోతే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుందండీ అని పైకి అనగలిగితే, ఎదురుగా కూర్చున్నావిడ ఉలిక్కిపడకుండా తల ఊపగలిగితే, ఇద్దరూ ఆ రాత్రి ఇంటికి వెళ్లి మళ్లీ పక్క మార్చగలుగుతారు.